‘ఊరక రారు మహాత్ములు’: ఇది పొగడ్తా, ప్రశ్నా?

మొదటి పోస్టు

పోతన భాగవతం దశమ స్కంధంలో గర్గ మహాముని ఇంటికి వస్తే నందుడు చెప్పే కందం ఇది.

ఊరక రారు మహాత్ములు
వా రధముల యిండ్లకడకు వచ్చుట లెల్లం
గారణము మంగళములకు
నీ రాక శుభంబు మాకు నిజము మహాత్మా!

మా వైపు దీంట్లో మొదటి ముక్క ఒక్కటే మిగిలింది, అదీ వెటకారానికి. ఎన్నికలప్పుడు కారు దిగే నాయకుణ్ణి చూసి, అప్పు కోసం వచ్చిన బావమరిదిని చూసి అంటారు. అసలు పద్యంలో వెటకారం ఉందా, మనమే చెడగొట్టామా? ఇంకో సందేహం: ‘ఊరక’ అంటే కారణం లేకుండా అనా, ఉచితంగా అనా? టీవీలో ‘డబ్బులు ఎవరికీ ఊరికే రావు’ అని విని విని మా పిల్లలు ఈ పద్యం కూడా డబ్బుల గురించే అనుకుంటున్నారు.

వ్యాఖ్య

మా నల్లగొండల ‘ఉత్తగ’ అంటం. ‘ఏం లేదు, ఉత్తగనే వచ్చిన’ అంటే ఎవ్వరూ నమ్మరు, చాయ్ తాగినంక అసలు ముచ్చట బయటపడుతది. ఊరక అంటే మాట్లాడకుండా అని కూడా ఉంది కదా, ఊరకుండు, ఊరకున్నాడు. పద్యంల మాత్రం కారణం లేకుండా అనే. కింద ‘కారణము’ అని ఆయనే చెప్పిండు.

వ్యాఖ్య

వెటకారం లేదు గానీ ప్రశ్న ఉంది. మర్యాద తెలిసిన గృహస్థు ఇంటికొచ్చిన పెద్దమనిషిని ఏం పని మీద వచ్చారని మొహం మీద అడగలేడు కాబట్టి మీలాంటివారు ఊరికే రారు, వచ్చారంటే మాకు మేలే అని ఊరుకుంటాడు, ఇక కారణం చెప్పుకోవాల్సింది వచ్చినవాడే. నందుడు అనుకున్నది నిజం కూడా. గర్గుణ్ణి వసుదేవుడు పంపాడు, పిల్లలకు పేర్లు పెట్టే పని మీద.

ఈ పద్యం నన్ను పట్టుకోవడానికి కారణం నా పని. నాది సోషల్ ఆంత్రోపాలజీ, అంటే జనం మధ్య ఉండి వాళ్ళ బతుకు గురించి రాసే చదువు. ఉట్నూరు వైపు గోండు గూడేల్లో ఫీల్డ్‌వర్క్ చేశాను. అక్కడ దిగిన రోజు నుంచీ నందుడి ప్రశ్న రకరకాలుగా ఎదురవుతూనే ఉంటుంది. ‘ఏ డిపార్ట్‌మెంట్ మేడం?’, ‘పేర్లు రాసుకుంటే ఏమొస్తది, ఇల్లా, పింఛనా?’, ‘ఫారెస్టోళ్ళు పంపిన్రా?’ పోడు చేసుకునే ఊళ్ళో ఈ చివరిది తమాషాకు అడిగే మాట కాదు. కోస్తా పల్లెల్లో అయితే ముందుగా ‘మీరేమిట్లు?’ అని కులం తేల్చుకుంటారు. గోండుల్లో ఎంతమంది దేవుళ్ళవాళ్ళు అన్నది ముఖ్యం: నలుగురా, ఐదుగురా, ఆరుగురా, ఏడుగురా. ఒకే లెక్కవాళ్ళు అన్నదమ్ముల వరస, వాళ్ళలో వాళ్ళు పెళ్ళి చేసుకోరు. ఏ లెక్కలోకీ రాని నాలాంటిదాన్ని ఏ వరసతో పిలవాలో తేలేదాకా మాట ముందుకు సాగదు. ఆడదాన్ని కాబట్టి ‘పెండ్లయిందా? మరి మీ ఆయన ఎట్ల పంపిండు?’ అదనం.

కొత్తగా వెళ్ళినవాళ్ళు మామూలుగా రెండు జవాబులు చెబుతారు, రెండూ పనికిరావు. ‘ఊరికే, మీతో మాట్లాడదామని’ అంటే పైన నల్లగొండ ఆయన చెప్పినట్టే, చాయ్ తర్వాత బయటపడే సంగతి కోసం ఎదురుచూస్తూ జాగ్రత్తగా ఉంటారు. ‘మీ మేలు కోసం’ అంటే అంతకన్నా చిక్కు. ఆ మాట పట్టుకుని ఆర్నెల్ల తర్వాత మాకు బోరేదీ అని అడుగుతారు, అడగాలి కూడా. నేను మాత్రం చదువు కోసం, డిగ్రీ కోసం వచ్చానని చెప్పడమే నయం అంటాను. ఒక ముసలావిడ అరుగు మీద జొన్నలు చెరుగుతూ నా మాటలకు ఊఁ కొడుతోంది గానీ తల ఎత్తడం లేదు. ‘ఇదంతా రాస్తే నీకు నౌకరొస్తదా?’ అంది. రావచ్చు అన్నాను. ‘ముందుగాల చెప్పొద్దా మరి!’ అని చాటతో సహా నా వైపు తిరిగి కూర్చుంది. తర్వాత దారిన పోయేవాళ్ళను ఆపి మరీ ‘ఈ పిల్లకు చెప్పుండ్రి, నౌకరి రావాలె’ అనేది. ‘సేవ’ అంటే సందేహించే మనుషులకు ‘నౌకరి’ వెంటనే అర్థమైంది, ఎందుకంటే అందులో నాకేం లాభమో వాళ్ళకు కనపడుతోంది.

వ్యాఖ్య

అంటే సాయం చేయకూడదనా? గోండుల మధ్య పనిచేసిన ఆంత్రోపాలజిస్టు హైమన్‌డార్ఫ్ సాయం చేయబట్టే కదా ఆదిలాబాద్‌లో ఆయన్ను ఇప్పటికీ తలుచుకుంటున్నారు?

వ్యాఖ్య

చేయకూడదని కాదండీ, చేతిలో లేనిదాన్ని చేస్తానని చెప్పకూడదని. ఆయన చేతిలో ఉంది. ‘ఊరక రారు’ అనే మాట ఆయనకు సరిపోయినంతగా ఇంకెవరికీ సరిపోదు. వియన్నావాడు. ఆస్ట్రియాను జర్మనీ కలిపేసుకోవడంతో, యుద్ధం మొదలయ్యేసరికి బ్రిటిష్‌వాళ్ళ దృష్టిలో శత్రుదేశపు మనిషి అయ్యాడు, నిజాం రాజ్యం దాటి తిరగడానికి వీల్లేకపోయింది. అలా 1940లో భార్య బెట్టీతో కలిసి అమ్రాబాద్ గుట్టల మీద చెంచుల మధ్య గుడారం వేశాడు. తర్వాత కొండరెడ్లు, ఆ తర్వాత గోండులు. మన తెలుగు నేల మీద ఆదివాసుల గురించి ఇంత దగ్గరగా రాసిన పుస్తకాలు పుట్టింది ఒక రకంగా ఆ కట్టడి వల్లే.

గోండుల దగ్గరికి వెళ్ళడం వెనక మాత్రం సర్కారు ఉంది. 1940లో జోడేఘాట్‌లో పోలీసు కాల్పుల్లో కుమురం భీం చనిపోయాక, వీళ్ళు ఎందుకు తిరగబడ్డారో కనుక్కోమని ఆయన్ను పంపింది నిజాం ప్రభుత్వమే. తుపాకీ పంపినవాళ్ళే పండితుణ్ణీ పంపారు. ఆ స్థితిలో నేను మీవాణ్ణి అంటే ఎవరైనా ఎందుకు నమ్మాలి? ఆయన మార్లవాయిలో మకాం పెట్టాడు, గోండి నేర్చుకున్నాడు, సమస్య అంతా భూమి దగ్గర ఉందని సర్కారుకు రాశాడు. గోండులకు పట్టాలు ఇప్పించాడు. 1943లో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ మొదలైంది, గోండి వాచకాలు దేవనాగరి లిపిలో వేశారు. కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు వచ్చి గోడు వినే దర్బారు కూడా 1940ల్లో ఆయన చొరవతో మొదలైందే, ఇప్పటికీ జరుగుతోంది. బెట్టీ 1987లో హైదరాబాద్‌లో పోతే మార్లవాయిలో సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో పోయాడు.

ఆయన సర్కారు మనిషి అనే విమర్శ ఉంది, కొట్టిపారేయలేం. మొదట పరిశోధకుడు, తర్వాత నిజాం ప్రభుత్వానికి గిరిజన సలహాదారు, ఈ రెండు టోపీలూ ఒకే నెత్తిన ఉన్నాయి. కాకపోతే దాచలేదు, అది నా దృష్టిలో పెద్ద విషయం.

ఇంకో దారి హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేటలో ఆంత్రోపాలజిస్టు దూబే పట్టింది. 1951-52లో ఉస్మానియా నుంచి వెళ్ళినప్పుడు ఎస్.సి.దూబే బృందంలో వైద్యం, వ్యవసాయం, పశువైద్యం తెలిసినవాళ్ళు కూడా ఉన్నారు. ఎందుకొచ్చారని ఊరు అడిగితే చూపించడానికి మందూ మాకూ ఉన్నాయి. ఆ ఊరి మీద దూబే రాసిన పుస్తకంలో ఊరి పేరు కూడా మార్చకుండా అలాగే ఉంచేశారు.

వ్యాఖ్య

పేరు ఉంచితే ఏమవుతుంది? దాచడం ఎందుకు?

వ్యాఖ్య

మళ్ళీ గర్గుడి దగ్గరికే పోదాం. నందుడు పిల్లలకు సంస్కారం చేయమంటే ఆయన మొదట వెనకాడతాడు. నేను యాదవుల పురోహితుణ్ణని అందరికీ తెలుసు, నేనొచ్చి చేశానంటే ఈ పిల్లాడు దేవకి కొడుకేమోనని కంసుడికి అనుమానం వస్తుంది అంటాడు. అందుకే గుట్టుగా జరుపుతారు. తాను వచ్చినందువల్ల ఆ ఇంటికి ఏ ముప్పు రావచ్చో ముందే ఆలోచించాడు. ఎవరి పట్టా ఎవరు దున్నుతున్నారో, సారా ఎవరు కాస్తున్నారో ఊరి పేరుతో అచ్చేస్తే ఆ పుస్తకం తహసీల్దారూ చదవొచ్చు, వడ్డీ వ్యాపారీ చదవొచ్చు. ఆంత్రోపాలజిస్టు ఎమ్.ఎన్.శ్రీనివాస్ తాను 1948లో మైసూరు దగ్గర ఉండి చూసిన ఊరిని ‘రాంపుర’ అన్నారు, అది మారుపేరు. అక్కడ ఊరి పెద్ద ఇచ్చిన చోటులో మకాం కాబట్టి కింది కులాల వాడలకు తాను సరిగా వెళ్ళలేకపోయానని, తాను చూసింది పై కులాల కంటితో చూసిన ఊరని ఆయనే ఒప్పుకున్నారు. మకాం ఎవరింట్లో అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఎవరు మన దగ్గరికి రారో అక్కడే ఖాయమైపోతుంది.

వ్యాఖ్య

అక్కా, నేను పీహెచ్‌డీ కోసం వచ్చే నెల ఏజెన్సీకి వెళ్తున్నా. యూనివర్సిటీ వాళ్ళు సమ్మతి పత్రం మీద సంతకాలు తప్పనిసరి అంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

వ్యాఖ్య

తమ్ముడూ, టెన్షన్ పడాల్సిందే. వేలిముద్ర వేసి భూములు పోగొట్టుకున్న ఇళ్ళు అక్కడ ఉంటాయి, మొదటి రోజే కాగితం తీస్తే తలుపులు మూసుకుంటాయి. నోటిమాటగా ఒప్పుకుంటే రికార్డు చేసుకోవచ్చా అని మీ గైడును ఇప్పుడే అడుగు, చాలాచోట్ల ఒప్పుకుంటారు. కాగితం తప్పదంటే తెలుగులో అరపేజీకి మించకుండా రాయి, వాళ్ళ భాషలో పైకి చదివి వినిపించు, ఒక కాపీ వాళ్ళకివ్వు. ఊరి పెద్ద పటేల్‌ను ముందు కలువు, కానీ రోజూ ఆయన అరుగు మీదే కూర్చోకు. ఎవరు డబ్బిస్తున్నారు, ఎన్నాళ్ళుంటావు, రాసుకున్నది ఏం చేస్తావు, ఈ మూడూ అడగకముందే చెప్పెయ్యి. నోట్‌బుక్ తీయగానే మాటలు ఆగిపోయే చోట తీయకు, రాత్రి కూర్చుని రాసుకో, ఎంత నిద్ర వచ్చినా సరే. కాపీలన్నీ ఒకేచోట పెట్టకు. శ్రీనివాస్ ఏళ్ళ తరబడి తయారు చేసుకున్న నోట్సు కాపీలతో సహా 1970లో స్టాన్‌ఫర్డ్‌లో ఎవరో ఆఫీసుకు నిప్పు పెడితే కాలిపోయాయి, రాంపుర పుస్తకం చాలావరకు జ్ఞాపకం మీద రాసుకోవాల్సి వచ్చింది. మీ గూడెంలో మాట్లాడేది గోండా, కోలామా, కోయా? అది చెబితే ఆ భాష తెలిసినవాళ్ళు ఈ గ్రూపులోనే ఉన్నారు, అడిగి చూస్తాను.