సెకండ్ హ్యాండ్ ప్లగ్-ఇన్ హైబ్రిడ్: "బ్యాటరీ అసలు వాడలేదు" అంటే నమ్మొచ్చా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఆరేళ్ల ప్లగ్-ఇన్ హైబ్రిడ్ ఒకటి చూశాను, అంటే ప్లగ్గు పెట్టి ఛార్జ్ చేసుకుని మోటారు మీదా, పెట్రోలు పోసి ఇంజన్ మీదా నడిపే కారు. మీటరు మీద 90 వేల కిలోమీటర్లు ఉంది. ఇంతకుముందు ఒక కంపెనీ ఉద్యోగికి ఇచ్చిన బండి అట. డిక్కీలో ఛార్జింగ్ కేబుల్ కవరు కూడా విప్పకుండా ఉంది. అమ్మే ఆయన దాన్నే తీసి చూపించి, "బ్యాటరీ అసలు వాడలేదండీ, కొత్తదానితో సమానం" అంటున్నారు. పైకి శుభ్రంగానే ఉంది, నడిపితే ఎక్కడా చప్పుడు రాలేదు. నాకు రోజుకు 30 కిలోమీటర్ల ప్రయాణం, ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకునే వీలుంది. మామూలు పెట్రోల్ కారయితే ఏం చూడాలో కొంత తెలుసు. దీంట్లో ఇంజనూ ఉంది, మోటారూ ఉంది. ఏది ముందు ఇబ్బంది పెడుతుంది? అడ్వాన్స్ ఇవ్వాలంటే టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: హైబ్రిడ్ బండ్లు రిపేరు చేసే మెకానిక్

అడ్వాన్స్ ఇవ్వకముందే అడిగి మంచి పని చేశారండీ. ఆ కవరు విప్పని కేబుల్‌ని నేనైతే హెచ్చరికగా తీసుకుంటాను. ఛార్జ్ పెట్టలేదంటే ఆ 90 వేలూ దాదాపుగా ఇంజన్ మీద తిరిగినట్టే, అదీ బ్యాటరీ బరువంతా మోసుకుంటూ. రోజూ ఛార్జ్ పెట్టిన బండయితే అందులో పెద్ద భాగం మోటారు మీదే పోయి ఉండేది. రెండు బండ్ల మీటర్లలోనూ అంకె ఒకటే కనిపిస్తుంది, లోపలి అరుగుదల మాత్రం పూర్తిగా వేరు. కాబట్టి ఎంత తిరిగిందో అడిగి ఊరుకోకండి, దేని మీద తిరిగిందో అడగండి.

ఛార్జ్ పెట్టని బండిలో ముందు ఇంజన్ని పట్టుకోవాలి. ఆయిల్ ఎప్పుడెప్పుడు మార్చారు, స్పార్క్ ప్లగ్గులు మార్చారా, కూలెంట్ తగ్గుతోందా. కూలెంట్ తగ్గుతూ, బయట ఎక్కడా కారిన మరక లేకపోతే హెడ్ గాస్కెట్ (ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) మీద అనుమానం పెట్టుకోండి. ఉదాహరణకు టయోటా మూడో తరం ప్రియస్ హైబ్రిడ్ ఇంజన్లలో ఈజీఆర్ మార్గం (పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజన్‌లోకి పంపే దారి) మసితో పూడుకుపోవడం, హెడ్ గాస్కెట్ పోవడం మా పనిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన సంగతే. 2012లో వచ్చిన మొదటి ప్రియస్ ప్లగ్-ఇన్‌లో ఉన్నదీ అదే ఇంజన్. ఇంకోటి, ఆ బండిలో ఛార్జరు ఇన్నేళ్లూ పనిచేసే అవసరమే రాలేదు. అంటే అది బాగుందో లేదో అమ్మే ఆయనకు కూడా తెలియదు. బండి లోపలుండే ఆ ఛార్జరు పోతే రిపేరు చిన్నది కాదు.

రోజూ ఛార్జ్ పెట్టి, ఇంజన్ దాదాపు వాడని బండికి జబ్బులు వేరేగా ఉంటాయి. ట్యాంకులో పెట్రోలు నెలల తరబడి నిలవ ఉండి పాడవుతుంది. ఇంజన్ అప్పుడప్పుడు రెండు నిమిషాలు నడిచి ఆగిపోతుంటే ఆయిల్ వేడెక్కదు. అందులో చేరిన పెట్రోలూ తేమా ఆవిరైపోయే వీలుండదు. ఆయిల్ మూత విప్పి చూస్తే లోపల తెల్లటి నురగ లాంటి జిడ్డు కనిపిస్తుంది. పైగా హైవే మీద గట్టిగా తొక్కినప్పుడు, అప్పటిదాకా చల్లగా పడుకున్న ఇంజన్ ఒక్కసారిగా లేచి పూర్తి బరువు ఎత్తుకోవాల్సి వస్తుంది. కంపెనీలకూ ఇది తెలుసు. అందుకే షెవ్రొలే వోల్ట్‌లో ఆరు వారాలు ఇంజన్ నడవకపోతే బండే దాన్ని కాసేపు నడపమంటుంది, ట్యాంకులో పెట్రోలు ఏడాది పాతబడితే దాన్ని కాల్చేయడానికి ఇంజన్ని వాడుతుంది. జీప్ 4ఎక్స్‌ఈలో కూడా ఇలాంటి ఏర్పాటే ఉంది. అది తెలియక "ఛార్జ్ నిండుగా ఉన్నా ఇంజన్ ఆగట్లేదు" అని కంగారుగా బండి తెచ్చేవాళ్లున్నారు. చాలాసార్లు ఆయిల్ మార్చి, కొత్త పెట్రోలు పోస్తే సరిపోతుంది. ఈ బండ్లకు ఆయిల్ మార్పు కిలోమీటర్ల లెక్కన చూస్తే సరిపోదు, ఏడాది లెక్కన కూడా చూడాలి.

మీ బండి మొదటి రకం. ఇంజన్ పూర్తిగా చల్లారాక, అంటే రాత్రంతా ఆపి ఉంచాక పొద్దున్నే వెళ్లి చూడండి. మీరు వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి.

జవాబు: ప్లగ్-ఇన్ వాడుతున్న సభ్యురాలు

బ్యాటరీ సంగతి నేను చెబుతాను. డాష్‌బోర్డులో "ఇంకా ఇన్ని కిలోమీటర్లు వెళ్తుంది" అని కనిపించే అంకెను నమ్మకండి. కొద్దిరోజులుగా ఎలా నడిపారో దాన్ని బట్టి వేసే అంచనా అది, ఏసీ వేస్తేనే మారిపోతుంది. కొలిచి చూడటమే మేలు. సాకెట్‌కూ కేబుల్‌కూ మధ్య పెట్టే కరెంటు మీటరు దొరుకుతుంది, మీ ఛార్జింగ్ కేబుల్ లాగే కరెంటును తట్టుకునేది తీసుకోండి. బండిని ఈవీ మోడ్‌లో, అంటే మోటారు మీద మాత్రమే, ఇంజన్ తనంతట తాను స్టార్ట్ అయ్యేదాకా నడిపి బ్యాటరీ ఖాళీ చేయండి. తర్వాత పూర్తిగా ఛార్జ్ పెట్టి ఎన్ని యూనిట్లు లాగిందో రాసుకోండి.

లెక్క ఎలాగంటే, కాగితం మీద 12 యూనిట్ల బ్యాటరీ అని ఉంటే మొత్తం 12 వాడుకోనివ్వరు. పైనా కిందా కొంత వదిలేసి సుమారు 9 యూనిట్లే వాడుకునేలా పెడతారు. ఛార్జింగ్‌లో పదో పదిహేనో శాతం వేడిగా పోతుంది. కాబట్టి బాగున్న బండి ఖాళీ నుంచి నిండటానికి గోడ దగ్గర 10 యూనిట్ల పైచిలుకు లాగాలి. దానికి బాగా తక్కువ లాగిందంటే బ్యాటరీ ఆ మేరకు తగ్గిపోయినట్టు. ఇదే పరీక్షలో ఛార్జరు, పోర్టు, కేబుల్ లాక్ అన్నీ తేలిపోతాయి. ఛార్జింగ్ మధ్యలో ఆగిపోయినా, ప్లగ్గు చేయి పెట్టలేనంత వేడెక్కినా, పిన్నులు నల్లబడి ఉన్నా అక్కడే ఆపేయండి.

వాడకపోతే బ్యాటరీ కొత్తగా ఉంటుందన్న మాట మాత్రం తప్పండి. ఈ బ్యాటరీలు వాడినా అరుగుతాయి, ఊరికే ఉన్నా వయసుతో తగ్గుతాయి, ఎండలో ఉంటే ఇంకా త్వరగా. పైగా ఛార్జ్ పెట్టకపోయినా హైబ్రిడ్‌గా నడిచినంతసేపూ అది పనిచేస్తూనే ఉంటుంది.

జవాబు: ఇంకో సభ్యుడు

అన్నా, రీకాల్ సంగతి ముందు చూడు, అంటే లోపం ఉందని కంపెనీయే బండ్లను వెనక్కి పిలిచి సరిచేయడం. ఛాసిస్ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్‌లోనో సర్వీస్ సెంటర్‌లోనో అడిగితే చెబుతారు. ఇవి చిన్న విషయాలు కావు. 2020లో ఫోర్డ్ కూగా ప్లగ్-ఇన్ యజమానులకు, సరిచేసేదాకా ఛార్జ్ పెట్టొద్దని కంపెనీయే చెప్పింది. అదే ఏడాది బీఎండబ్ల్యూ కూడా బ్యాటరీ సెల్స్‌లో మలినాల వల్ల తన ప్లగ్-ఇన్ బండ్లను వెనక్కి పిలిచింది. 2022 ఫిబ్రవరిలో క్రైస్లర్ పసిఫికా హైబ్రిడ్ 2017, 2018 మోడళ్లవాళ్లకు బండిని ఇంటికి దూరంగా, ఆరుబయట పెట్టమన్నారు. ఆపి ఉంచినప్పుడు కూడా మంటలు రావడమే కారణం. 2025లో వోల్వో అయితే ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తర్వాత, ప్లగ్-ఇన్‌లు బీ మోడ్‌లో (మోటారుతోనే వేగం ఎక్కువగా తగ్గించే మోడ్) పల్లం దిగేటప్పుడు బ్రేకులు పనిచేయకపోవచ్చని వెనక్కి పిలిచింది. రీకాల్ వచ్చిందంటే కొనొద్దని కాదు, ఆ పని ఈ బండికి చేయించారా లేదా అన్నదే కావాలి. చేయించకపోతే చేయించి తెమ్మను. దానికి డబ్బులు తీసుకోరు.

ప్రశ్న అడిగిన సభ్యుడు

అందరికీ థాంక్స్. అమ్మే ఆయనను ఒప్పించి, చెప్పినట్టే ఖాళీ చేసి ఛార్జ్ పెట్టాను. కాగితం మీద 12 యూనిట్లే. మీటరులో 7.1 వచ్చింది. ఎక్కడా ఆగలేదు, ప్లగ్గు కొంచెం గోరువెచ్చగా ఉంది అంతే. ఇంజన్ పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించాను, వణుకు లేదు, పొగ లేదు. సర్వీస్ పుస్తకంలో ఆయిల్ మార్పులు వరసగా ఉన్నాయి. రీకాల్స్ పెండింగ్ లేవన్నారు. కానీ ఒకసారి బండి ఆన్ చేయగానే నాలుగైదు వార్నింగులు ఒకేసారి వచ్చి పోయాయి. బ్రేకు తొక్కినప్పుడు వెనక గరగరమంది.

జవాబు: మెకానిక్

వార్నింగుల గురించి భయపడకండి, ముందు 12 వోల్ట్ బ్యాటరీ చెక్ చేయించండి. ప్లగ్-ఇన్‌లలో ఎక్కువగా వచ్చే ఇబ్బంది ఇదే. కింద ఎంత పెద్ద బ్యాటరీ ఉన్నా, దాన్ని ఆన్ చేసే కంప్యూటర్లూ రిలేలూ ఈ చిన్న బ్యాటరీ మీదే లేస్తాయి. అది నీరసపడితే హైబ్రిడ్ సిస్టమ్, బ్రేకులు, స్టీరింగ్ అని సంబంధం లేని వార్నింగులన్నీ ఒకేసారి వస్తాయి. పాతదైతే మార్చేసి, తర్వాత బండి కంప్యూటర్‌ని చదివే స్కానర్ పెట్టించి, మళ్లీ వచ్చే లోపాల కోడ్‌లు మాత్రమే లెక్కలోకి తీసుకోండి. కోడ్‌లలో "ఐసొలేషన్" అని కనిపిస్తే అది వేరే కథ. హై వోల్టేజ్ కరెంటు బాడీకి లీకవుతోందని అర్థం. అలాంటి బండి కొనవద్దు. నారింజ రంగు వైర్ల జోలికి మాత్రం ఎవరూ వెళ్లకండి, శిక్షణ ఉన్నవాళ్లే ముట్టాలి.

ఐసొలేషన్ అన్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. ఏసీ గ్యాస్ ఎక్కడ పట్టించారో అడగండి. వీటిలో కంప్రెసర్ హై వోల్టేజ్ మీద నడుస్తుంది. దానికి కరెంటు పారనివ్వని పీఓఈ రకం ఆయిల్ పోయాలి. మామూలు కార్లకు వాడే పీఏజీ ఆయిల్ పడితే చాలు, ఐసొలేషన్ కోడ్ వచ్చి బండి కదలనని మొరాయిస్తుంది. ఆ ఆయిల్‌ని పూర్తిగా కడగడం చాలా కష్టం. కంప్రెసర్‌తో సహా మార్చాల్సి వస్తుంది. కొన్ని బీఎండబ్ల్యూల్లో బ్యాటరీని చల్లబరిచేది కూడా ఏసీ గ్యాసే.

బ్రేకుల గరగర మోటారు బ్రేకింగ్ వల్ల వచ్చేది. చాలావరకు మోటారే బండిని ఆపేస్తుంది, ప్యాడ్లకు పని తక్కువ, డిస్కులకు తుప్పు ఎక్కువ. ఖాళీ రోడ్డు మీద న్యూట్రల్‌లో పెట్టి కొన్నిసార్లు గట్టిగా బ్రేకు వేయండి. పోతే సరే, పోకపోతే క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పట్టేసిందేమో చక్రం విప్పి చూడాలి.

ఇక 7.1 యూనిట్లు. నష్టం తీసేస్తే బ్యాటరీలోకి చేరింది ఆరు పైచిలుకు. కొత్తలో తొమ్మిదికి ఇది మూడింట రెండు వంతులు. "అసలు వాడలేదు" అన్న మాట ఇక్కడ తేలిపోయింది. అయినా ఇప్పుడే కాదనకండి. ఏళ్ల తరబడి ఛార్జ్ చూడని బ్యాటరీలో సెల్స్ ఎగుడుదిగుడుగా ఉంటాయి, వాటిలో ఎంత పడుతుందన్న కంప్యూటర్ అంచనా కూడా తప్పి ఉంటుంది. రెండు మూడుసార్లు పూర్తిగా ఖాళీ చేసి, నిండాక కూడా కొన్ని గంటలు ప్లగ్గు పీకకుండా ఉంచి, మళ్లీ కొలవండి. కొంత పెరిగే అవకాశం ఉంది. స్కానర్‌లో సెల్ వోల్టేజీలు కూడా చూడమనండి. గట్టిగా తొక్కినప్పుడు ఒకటి రెండు సెల్స్ మాత్రమే మిగతావాటికన్నా బాగా కిందికి జారుతుంటే ఆ సెల్స్ ఉన్న మాడ్యూల్ (కొన్ని సెల్స్ కలిపిన కట్ట) పోయినట్టే.

ప్రశ్న అడిగిన సభ్యుడు

పెరగకపోతే?

జవాబు: మెకానిక్

మీ రోజువారీ 30 కిలోమీటర్లకు ఆరు యూనిట్లు ఇప్పుడు సరిపోవచ్చు, ఏసీ వేస్తే అంతంతమాత్రం. నాలుగేళ్ల తర్వాత చాలవు. చాలా కంపెనీలు హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తాయి. కొన్ని కంపెనీలు 70 శాతం కన్నా తగ్గితే బ్యాటరీ బాగుచేసి ఇస్తామని రాస్తాయి, కొన్ని పూర్తిగా చెడిపోతేనే చూస్తాయి. మీ బండికి ఆరేళ్లే కాబట్టి వారంటీ పుస్తకంలో ఆ పేజీ చదవండి. యజమాని మారితే వర్తిస్తుందా, సర్వీసులు వాళ్ల దగ్గరే చేయించి ఉండాలా అన్నవీ చూసుకోండి. తర్వాత కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ కెపాసిటీ కొలిపించి, రిపోర్టు కాగితం మీద తీసుకోండి. మీ గోడ మీటరు లెక్క మీకు తెలియడానికి పనికొస్తుంది, క్లెయిముకు వాళ్లు తమ కొలతే చూస్తారు. రిపోర్టు 70 లోపు వచ్చి, వారంటీ దాన్ని కవర్ చేస్తుంటే, క్లెయిము పని అమ్మే ఆయన పేరు మీద ఉండగానే మొదలుపెట్టించండి. వారంటీ లేకపోతే దాన్ని పెట్రోల్ కారు కింద లెక్కేసి ధర అడగండి. ఒప్పుకోకపోతే వదిలేయండి, రోజూ ఛార్జ్ పెట్టి సర్వీసు కూడా టైముకు చేయించిన బండి ఇంకోటి దొరుకుతుంది.