మిర్చి యార్డులో ఇద్దరు వేగులు: ఎవరు ఎవర్ని నమ్మాలి?

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. 2080 నాటి మిర్చి యార్డులో జరిగే సైన్స్ ఫిక్షన్ నవలిక రాస్తుంటే ఒకచోట కథ మొండికేసింది. కాస్త చెయ్యందించండి.

నకిలీ విత్తనాల ముఠాలో ఇద్దరు పోలీసు వేగులు మారుపేర్లతో ఉన్నారు. ఒకడు హమాలీ, ఇంకొకామె కమిషన్ కొట్లో గుమస్తా. ఒకరి సంగతి ఒకరికి తెలీదు. ఇద్దర్నీ నడిపే అధికారి మాత్రం ఒక్కడే. ముఠావాళ్ల కళ్లద్దాలు ఎదుటివాడి కంటిపాప, చెమ్మ చూసి అబద్ధాన్ని పట్టేస్తాయి. కానీ యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) విప్పి కాయలు కుమ్మరించగానే ఆ ఘాటుకి అందరి కళ్లూ నీళ్లు కారతాయిగా! అక్కడ యంత్రం పప్పులుడకవు. అసలు మాటలన్నీ అక్కడే. (ఈ ఊహ మటుకు నాకు భలే నచ్చింది.)

చిక్కు ఏంటంటే, "ఆ హమాలీ ప్రమాదకరం" అని ఆమె పైకి రాసి పంపుతుంది. నిజం తెలిసీ అధికారి నోరు మెదపడు. అర్థశాస్త్రంలో కౌటిల్యుడు ముగ్గురు వేగుల మాట కలిస్తేనే నమ్మమంటాడు. రెండువైపులా జీతం తీసుకునే ఉభయవేతనుల ఆలుబిడ్డల్ని గుప్పిట్లో పెట్టుకోమనీ అంటాడు. మా అధికారీ ఆ బాపతే. మరి ఇద్దరే ఉన్నచోట మూడో మాట ఎవరిది?

హమాలీ తన గుట్టు ఆమెకి చెప్పేస్తే అది నమ్మకమా, డ్యూటీకి ద్రోహమా? చెప్పకపోతే ఆమే అతన్ని ముఠాకి పట్టిచ్చేస్తుంది. పోలీసు శాఖలో చేసినవాళ్లు, ఇలాంటి కథలు బాగా చదివేవాళ్లు చెప్పండి, అతను ఏం చేస్తే మీకు సహజంగా అనిపిస్తుంది? "ఇద్దరూ ప్రేమలో పడతారు" అని మాత్రం అనకండి, మా తమ్ముడు ఇప్పటికే అన్నాడు.