కైసరయ రేవు ఎందుకు మునిగింది? లోపం కాంక్రీటుదా, నేలదా?

ప్రశ్న:
బైబిల్లో కనిపించే కైసరయలో (ఇప్పటి ఇజ్రాయెల్ తీరం) యూదయ రాజు హేరోదు క్రీ.పూ. 22–10 ప్రాంతంలో రేవు కట్టించాడు. అలలకు అడ్డంగా వేసిన బయటి గోడలు ఇప్పుడు నీళ్ల అడుగున ఉన్నాయి. రోమన్ కాంక్రీటు సముద్రంలో రెండు వేల ఏళ్లయినా చెక్కుచెదరదంటారు కదా, మరి ఇక్కడేమైంది? అసలు నీళ్లలో పోత ఎలా పోశారు?

జవాబు 1:
ముందు పోత సంగతి. మామూలు సున్నం గట్టిపడాలంటే గాలి తగలాలి, అందుకే నీళ్లలో పనికిరాదు. నేపుల్స్ అఖాతం దగ్గర దొరికే అగ్నిపర్వత బూడిద (పోజోలానా) కలిపితే నీళ్లలోనే బిగుస్తుంది. సముద్రపు పనికి రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ చెప్పిన పాళ్లు రెండు వంతుల బూడిదకు ఒక వంతు సున్నం. కైసరయకు ఆ బూడిద ఇటలీ నుంచే ఓడల్లో వచ్చింది.

కాంక్రీటు పోయడానికి అచ్చులుగా వాడిన చెక్క పెట్టెల పనితనం చూడాలి. కొన్ని పెట్టెలను అచ్చం పడవల్లాగే కట్టారు: పలకల అంచులకు బెజ్జాలు తొలిచి, చెక్క నాలుకలు దూర్చి బిగించారు. పెట్టెను తేలుస్తూ చోటికి తెచ్చి, లోపల కాంక్రీటు నింపుకుంటూ పోతే ఆ బరువుకే అడుక్కి దిగేది. ఒక్కసారి దిగాక మళ్లీ తీసేది లేదు.

జవాబు 2:
మునగడానికి అసలు కారణం నేల. ఒడ్డు దగ్గరి భాగం రాతి మీద ఉంది కాబట్టి నిలిచింది. బయటి గోడలు ఇసుక మీద ఉన్నాయి. అలలు అడుగు ఇసుకను తోడేస్తాయి. భూకంపం వస్తే తడి ఇసుక పట్టు వదిలేస్తుంది. పైన కాంక్రీటు ఎంత గట్టిదైనా దిమ్మకు దిమ్మే కుంగుతుంది.

ఇది ఎంత తొందరగా జరిగిందో చెప్పే ఆధారం ఒకటుంది. బయటి గోడ శిథిలాల మీదే ఒక ఓడ సరుకు దొరికింది: డొమిషియన్ చక్రవర్తి పేరు అచ్చువేసిన సీసపు దిమ్మలు. ఆయన పాలన క్రీ.శ. 81–96. గోడ మీదుగా ఓడ వచ్చి తగిలిందంటే మొదటి శతాబ్దం చివరికే అక్కడ గోడ నీళ్లలోకి దిగిపోయిందనే అర్థం చేసుకోవాలి.

ప్రశ్న అడిగినవారు:
సముద్రమే పైకి లేచి ఉండొచ్చు కదండీ?

జవాబు 2:
లేదండీ. కైసరయలోనే తీరం వెంబడి పాత బావులున్నాయి. బావిలో నీటిమట్టం సముద్రమట్టాన్ని బట్టే ఉంటుంది కాబట్టి వాటి అడుగులు కొలిచి చూశారు. రోమన్ల నాటి సముద్రమట్టం ఇప్పటిదానికి చాలా దగ్గరగా తేలింది. బయటి గోడలు మాత్రం మీటర్ల లెక్కన కిందికి పోయాయి.

జవాబు 3:
ఒక్క మాట చేర్చాలి. ఇక్కడి కాంక్రీటు కూడా మేలురకం కాదు. తొలిచి తీసిన నమూనాల్లో సరిగా కలవని సున్నపు గడ్డలు కనిపిస్తాయి. పని హడావిడిగా సాగిందనిపిస్తుంది. అయినా పైన చెప్పినట్టు గోడను ముంచింది అది కాదు, ఇసుకే.