మూడంతస్తుల ఇంటికి మెష్ వైఫై కొనాలా, కేబుల్ లాగించాలా?

మూడంతస్తులు:
రాజమహేంద్రవరంలో మాది పాతికేళ్ల నాటి ఇల్లు. కింద అమ్మానాన్న, మొదటి అంతస్తులో మేము, రెండో అంతస్తులో తమ్ముడి కుటుంబం. 300 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ ఒక్కటే ఉంది. దాని డబ్బా కింద హాల్లో టీవీ వెనక పెట్టారు. కింద హాయిగా వస్తుంది. మా అంతస్తులో మెట్ల పక్క గది వరకు పరవాలేదు. వెనక పడకగదిలో మాత్రం ఫోను రెండు గీతలు చూపిస్తూనే ఏదీ తెరవదు. నా ఆఫీసు పనంతా ఆ గదిలోనే. తమ్ముడి వాళ్లకు దాదాపు రానట్టే. మూడు డబ్బాలు వచ్చే మెష్ సెట్టు, అంటే ఒకదానితో ఒకటి కలిసి ఇల్లంతా ఒకే వైఫై ఇచ్చేది, కొందామనుకుంటున్నాను. 15 వేలు దాటకూడదు. రెండు బ్యాండ్లది చాలా, మూడు బ్యాండ్లది కావాలా? గోడలకు కన్నాలు వేయడం కుదరదు. ఆ సలహా తప్ప మిగిలినవి చెప్పండి.

తీగమనిషి:
వద్దన్న సలహానే ఇస్తున్నాను, ఏమీ అనుకోకండి. పాతికేళ్ల ఇల్లంటే బయట తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, పైన ఇనుప చువ్వల స్లాబు. రెండు బ్యాండ్లంటే 2.4, 5 గిగాహెర్ట్జ్. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ స్లాబు దాటి పైకి చేరేసరికి నీరసించిపోతుంది. 2.4 దాటుతుంది కానీ చుట్టుపక్కల ఇళ్లన్నీ అందులోనే ఉంటాయి. మెష్‌లో రెండో డబ్బా మొదటి డబ్బాతో గాలిలోనే మాట్లాడాలి, మీ ఫోనుతోనూ గాలిలోనే మాట్లాడాలి. రెండు బ్యాండ్ల సెట్టులో ఈ రెండు పనులకూ ఒకే రేడియో. అంటే వడ్డిస్తున్న చేత్తోనే వంటింట్లోంచి గిన్నె కూడా మోసుకురావడం. ఒక అంచె దాటితే వేగం సగం, రెండో అంచెలో అందులో సగం. మీ తమ్ముడు రెండో అంచెలో ఉన్నాడు.

క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుల్ మెట్ల వెంట లాగించండి. ప్రతి అంతస్తులో ఒక యాక్సెస్ పాయింట్, అంటే ఆ కేబుల్‌కు తగిలించి వైఫై ఇచ్చే డబ్బా, పెట్టించండి. ఒక్క పూట పని. పాత క్యాట్ 5ఈ అయినా 100 మీటర్ల దాకా 1 గిగాబిట్ మోస్తుంది.

గాలివాటం:
అడిగినదేమిటి, చెప్పినదేమిటి? కన్నాలు కుదరవు అన్నారు కదా. ఈ వేదికలో వైఫై అన్న మాట వినబడితే చాలు, తీగమనిషి గారు డ్రిల్లింగ్ మిషన్ పట్టుకుని హాజరవుతారు.

మూడంతస్తులు గారూ, మూడు బ్యాండ్లది తీసుకోండి. అందులో ఒక 5 గిగాహెర్ట్జ్ రేడియో డబ్బాల మధ్య మాటలకు ప్రత్యేకంగా ఉంటుంది కాబట్టి ఆ 'సగం' లెక్క వర్తించదు. డబ్బాలను గదుల మధ్యలో పెట్టకండి. మూడు అంతస్తుల్లోనూ మెట్ల దగ్గరే, ఒకదాని మీద ఒకటి వచ్చేలా పెట్టండి. మెట్ల సందులో స్లాబు ఉండదు, సిగ్నల్ అక్కడి నుంచి ఎక్కుతుంది. బీరువాల వెనక, నిలువుటద్దాల పక్కన పెట్టవద్దు.

కాజా:
15 వేలలో మూడు బ్యాండ్లు, మూడు డబ్బాలు, పేరున్న కంపెనీ. ఈ మూడింటిలో రెండే దొరుకుతాయి.

తీగమనిషి:
వర్తించదు అని ఎలా అంటారు? ఆ ప్రత్యేక రేడియో కూడా స్లాబు దాటాల్సిందే కదా. మొదటి డబ్బాకూ రెండోదానికీ మధ్య లింకే బలహీనంగా ఉంటే ప్రత్యేకంగా ఉండి ఏం లాభం? సగం అన్నాను, సగమే.

ఇంకో మాట. పెట్టె మీద 'ఏసీ 1200' అని పెద్ద అక్షరాలు ఉంటాయి. 2.4లో 300, 5లో 867, రెండూ కూడితే 1167. దాన్ని 1200 చేసి అచ్చు వేశారు. ఏ ఫోనూ ఆ రెండింటినీ కలిపి వాడుకోదు. చవక రకాల్లో కొన్నింటికి వెనక పోర్టులు కూడా 100 ఎంబీపీఎస్‌వే. టీపీ-లింక్ కంపెనీ మెష్ సెట్టు డెకో ఈ4 అలాంటిది. మీ 300 కనెక్షన్ ఆ పోర్టు దగ్గరే 100 అయిపోతుంది. అదే కంపెనీ డెకో ఎం4లో గిగాబిట్ పోర్టులున్నాయి. మెష్ కొని తీరాలంటే ఇది ముందు చూడండి.

గాలివాటం:
పోనీ సగమే అనుకుందాం. 300లో సగం 150. అందులో సగం 75. నెట్‌ఫ్లిక్స్ తన 4కే వీడియోకు అడిగేది 15. తమ్ముడి గారింట్లో అయిదు టీవీలు ఒకేసారి 4కేలో ఆడితే తప్ప మీ భయం నిజం కాదు. ఎవరికి కావాలండీ ఈ గిగాబిట్?

నేను హైదరాబాద్‌లో అద్దెకుంటాను. ఇంటి యజమాని మేకు కొట్టనివ్వరు. కేలండర్ కూడా కిటికీ గొళ్లానికి వేలాడదీశాం. మీలా సొంత ఇల్లున్న వాళ్లు 'ఒక్క పూట పని' అని తేలిగ్గా అనేస్తారు. ఖాళీ చేసే రోజున గోడలో కేబుల్ పీక్కుని వెళ్లలేను. మెష్ డబ్బాలు మాత్రం నాతో వస్తాయి.

డాలస్ బాబాయి:
ఒక సంగతి. ఈ మెష్ సెట్లు ఇళ్లలోకి వచ్చింది 2016 ప్రాంతంలో, ఇక్కడ అమెరికాలోనే. ఈరో, గూగుల్ వైఫై ఆ ఏడాదే వచ్చాయి. ఇక్కడ చాలా ఇళ్ల లోపలి గోడలు చెక్క చట్రానికి జిప్సం పలకలు కొట్టినవి. వాటిలోంచి సిగ్నల్ సులువుగా వెళ్లిపోతుంది. ఒక డబ్బా ఇన్ని చదరపు అడుగులకు సరిపోతుంది అని పెట్టె మీద రాసేది ఇలాంటి ఇంటిని దృష్టిలో పెట్టుకునే. అమలాపురంలో మా నాన్నగారింటికి ఇక్కడి నుంచి ఒక సెట్టు పట్టుకెళ్లాను. వంటింట్లో పెట్టిన డబ్బాకూ పూజగదికీ మధ్య ఒక్క గోడే ఉంది, అదీ దాటలేకపోయింది. పెట్టె మీది లెక్కలో సగానికి మించి నమ్మకండి.

తీగమనిషి:
మళ్లీ సగమే వచ్చింది. గమనించగలరు.

గాలివాటం:
బాబాయి గారన్న సగం విస్తీర్ణంలో. మీ సగం వేగంలో. రెండూ ఒకటేనా?

తీగమనిషి:
వేగం సంగతి వదిలేయండి. ఆయన ఆ గదిలో చేసేది ఆఫీసు పని. వీడియో కాల్‌కు మూడు నాలుగు ఎంబీపీఎస్ చాలు, నాకూ తెలుసు. కానీ ఆ నాలుగూ క్షణం తప్పకుండా రావాలి. గాలిలో రెండు అంచెలు దాటి వచ్చే కాల్‌లో మాట మధ్యలో తెగిపోతుంది. వేగం కొలిచే యాప్‌లో 90 చూపిస్తుంది, మీటింగులో 'మీ మాట వినబడటం లేదు' అంటారు. పైగా కరెంటు పోతే మూడు డబ్బాలూ ఇన్వర్టర్ మీద ఉండాలి. మూడు అంతస్తులకు మూడు ఇన్వర్టర్లా? యాక్సెస్ పాయింట్లకైతే అదే కేబుల్‌లో కరెంటు పంపవచ్చు. కింద ఒక్కచోట ఇన్వర్టర్ ఉంటే చాలు.

అసలు మూడంతస్తులు గారు నోరు విప్పడం లేదు. 'కుదరదు' అన్నారు. ఏం కుదరదు? మార్బులా? రంగులా? పైన అతికించే తెల్ల పట్టీలో వేస్తే గోడకు గీత కూడా పడదు. చెప్పకపోతే ఎలా?

మూడంతస్తులు:
రంగులు కాదండీ. కుదరదు అంతే.

తీగమనిషి:
సలహా అడిగినవారు కారణం చెప్పాలి. కారణం లేకపోతే అది బద్ధకం. డబ్బాలు కొనేసి, రేపు పనిచేయక మళ్లీ ఇక్కడికే వస్తారు. ఇలాంటివారిని ఇక్కడ చాలామందినే చూశాను.

మూడంతస్తులు:
సరే, వినండి. ఇల్లు నాన్నగారి పేరున ఉంది. పంపకాలు కాలేదు. పోయిన ఏడాది పై అంతస్తు నీళ్ల పైపు కారుతుంటే నా డబ్బుతో మార్పించాను. 'అన్నయ్య ఇప్పటినుంచే ఇంట్లో వాటా రాసుకుంటున్నాడు' అన్న మాట మెట్ల మీద వినబడింది. మళ్లీ మేస్త్రిని పిలిచి, మెట్ల వెంట పట్టీ కొట్టించి, తమ్ముడి గుమ్మం దాకా తీగ లాగితే ఏమంటారో నాకు తెలుసు. గోడకు కొట్టినది గోడదైపోతుంది. మెష్ డబ్బా అయితే ఎవరికీ ఏమీ అనడానికి ఉండదు, ప్లగ్గు పీకితే పోతుంది. బద్ధకం అన్నారు కాబట్టి చెప్పాల్సి వచ్చింది. తృప్తేనా?

కాజా:
ఇది వైఫై చర్చ అనుకుని వచ్చాను.

పెద్దకోడలు:
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. అన్నగారూ, మీరంతా సగం, పావు అని కొట్టుకుంటున్నారు. మెష్ పెడితే దాని యాప్ ఎవరి ఫోనులో ఉంటుంది? ఆ సంగతి ఎవరూ అడగలేదు.

మా అత్తవారింట్లోనూ ఇలాగే ఒకే కనెక్షన్ ఉండేది. యాప్ మా మరిది ఫోనులో. ఏ ఫోను ఎప్పుడు కలిసింది, ఎవరు ఎంత వాడారు, అన్నీ ఆయనకు కనబడేవి. ఒక్కొక్క ఫోనుకూ విడిగా నెట్ ఆపేసే బొత్తాం కూడా ఉంటుంది అందులో. పిల్లల కోసం పెట్టారట. ఒకరోజు వంటింట్లో మాటా మాటా పెరిగింది. ఆ రాత్రి మా గదిలో నెట్ రాలేదు. రూటర్‌లో ఏదో తేడా అన్నారు. పక్క గదిలో సినిమా ఆడుతూనే ఉంది. ఆ వారమే మా ఆయనతో చెప్పి వేరే కనెక్షన్ పెట్టించాను. నెలకు కొంత ఎక్కువ కడుతున్నాం, ప్రాణానికి హాయిగా ఉంది.

మూడంతస్తులు గారూ, మీ మరదలికి ఆ యాప్ మీ ఫోనులో ఉండటం ఇష్టమేనా? అడిగారా?

గాలివాటం:
యాప్‌లో మరొకరిని కూడా మేనేజర్‌గా చేర్చుకునే వీలు చాలా కంపెనీలు ఇస్తున్నాయి. అతిథుల కోసం వేరే పేరుతో నెట్‌వర్క్ పెట్టవచ్చు. దాని కోసం ఇంకో కనెక్షన్ దండగ.

పెద్దకోడలు:
సొంత తమ్ముడికి అతిథుల నెట్‌వర్కా? బాగుంది.

మూడంతస్తులు:
అడగలేదమ్మా. నిజానికి వేరే కనెక్షన్ మాట నేనే ఒకసారి ఎత్తాను. అమ్మ ఒప్పుకోలేదు. పొయ్యిలు ఎలాగూ వేరయ్యాయి, కరెంటు మీటర్లు వేరయ్యాయి, ఇంట్లో అందరికీ కలిపి ఉన్న బిల్లు ఇదొక్కటే అంటుంది. కట్టేది నాన్నగారు, పింఛనులోంచి.

తీగమనిషి:
అమ్మగారి బాధ అర్థమవుతుంది. కానీ ఆ బాధకు మందు రూటర్ కంపెనీ దగ్గర దొరకదు. ఒక్క బిల్లు కోసం ఒకరు మీటింగులో మాట వినబడక, ఇంకొకరు నెట్ రాక నడిపించడం కాపురమా? ఎవరి కుటుంబానికి వారి కనెక్షన్ ఉండాలి. నేను ఇద్దరు కొడుకుల తండ్రిని, అనుభవం మీద చెబుతున్నాను.

గాలివాటం:
నేను ఒప్పుకోను. ఉమ్మడిగా ఉన్నవి ఒక్కొక్కటీ ఇలాగే తెంచుకుంటూ పోతే చివరికి మెట్లు కూడా పంచుకుంటారు. పెద్దావిడ అడుగుతున్నది ఒక్క బిల్లు. అయిదారు వేల తేడాతో ఆ మాట నిలబెట్టగలిగితే నిలబెట్టాలి. మీరు కేబుల్ కోసం వాదిస్తున్నారనుకున్నాను. మీ వాదన వేరు కాపురాల గురించి.

తీగమనిషి:
మీరు మాత్రం మెష్ గురించి వాదించారా? అద్దె ఇంటి యజమాని మీద కోపం నా మీద తీర్చుకున్నారు.

నిర్వాహకుడు:
ఇద్దరూ కాస్త నెమ్మదించండి. వ్యక్తిగత విషయాలు వద్దు. అడిగినవారికి ఉపయోగపడేది చెప్పండి.

డాలస్ బాబాయి:
మూడంతస్తులు గారూ, మీ ఇంటికి ఎప్పుడైనా డిష్ ఉండేదా?

మూడంతస్తులు:
ఉండేది. డాబా మీద గొడుగు తుప్పు పట్టి ఇప్పటికీ ఉంది. కేబుల్ మెట్ల పక్కన గోడ బయట పైపులోంచి కింద హాల్లోకి దిగుతుంది. వాడటం మానేసి చాలా కాలమైంది. ఎందుకు?

తీగమనిషి:
ఎందుకేమిటండీ! ఆ ముక్క మొదటే చెప్పి ఉంటే ఇంత రభస ఉండేదా? పైపు ఉంది. కన్నం ఉంది. కొత్తగా ఎవరి గోడనూ ముట్టుకోనక్కరలేదు. డాబా మీద పాత కేబుల్ కొసకు క్యాట్ 6 కొస కలిపి, టేపు సన్నగా, ముడి లావు కాకుండా చుట్టండి. కింద హాల్లోంచి ఒకరు పాతదాన్ని లాగుతుంటే పైన ఇంకొకరు కొత్తదాన్ని వదలాలి. ఎండ తగిలే చోటు కాబట్టి బయట వాడే నల్ల తొడుగు కేబుల్ తీసుకోండి. రాగి తీగలేనా అని అడగండి, అల్యూమినియం మీద రాగి పూత వేసినవి చవకగా అంటగడతారు. జాక్ కొట్టేటప్పుడు ఎనిమిది తీగలూ వరుస తప్పకూడదు: తెల్లనారింజ, నారింజ, తెల్లాకుపచ్చ, నీలం, తెల్లనీలం, ఆకుపచ్చ, తెల్లగోధుమ, గోధుమ. నీలం జతలోనో గోధుమ జతలోనో ఒక్క తీగ అందకపోతే లింకు 100 ఎంబీపీఎస్‌కు పడిపోతుంది. నెట్ మాత్రం వస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

గాలివాటం:
ఆ కేబుల్‌ను మెష్ డబ్బాకే కలపవచ్చు. అప్పుడు డబ్బాల మధ్య మాటలన్నీ తీగలోనే నడుస్తాయి. రెండు బ్యాండ్ల సెట్టు చాలు, 15 వేలలోపే వస్తుంది.

మూడంతస్తులు:
తమ్ముడితో మాట్లాడాను. పైపు మాటకు అభ్యంతరం లేదన్నాడు, కేబుల్ లాగేటప్పుడు డాబా మీద తానే ఉంటానన్నాడు. యాప్ సంగతి ఎత్తగానే మరదలు లోపలి నుంచి, 'మాకు వేరే కనెక్షన్ పెట్టించుకుంటాం బావగారూ, అత్తయ్యగారికి నేను చెబుతాను' అంది. కాబట్టి రెండు డబ్బాల సెట్టే కొంటున్నాను, కిందికీ మా అంతస్తుకూ. గిగాబిట్ పోర్టులున్నది. పెద్దకోడలు గారికి ధన్యవాదాలు.

గాలివాటం:
చివరికి కొంటున్నది మెష్ సెట్టే. అందరూ గమనించగలరు.

తీగమనిషి:
కేబుల్ మీద నడిచే మెష్.