గంజి వార్చేస్తే విటమిన్ బి1 పోతుందా?

రాజోలు అబ్బాయి: మా అమ్మకి నెల్లాళ్లుగా అరికాళ్లు తిమ్మిర్లు. బి1 తక్కువుందన్నారు డాక్టర్ గారు. మూడు పూటలా అన్నమే తింటాం కదండీ, ఎలా తగ్గినట్టు?

పాలకొల్లు పిన్ని: ఆ అన్నంతోనే వచ్చుంటుంది బాబూ. మిల్లులో తెల్లగా పాలిష్ పట్టేటప్పుడు బి1 చాలావరకు తవుడుతో పోతుంది, మిగిలిన కాస్తా నీళ్లలో కరిగే రకం కాబట్టి నాలుగుసార్లు కడిగి గంజి వార్చేసరికి తూములో కలుస్తుంది. మా గేదె మాత్రం తవుడూ కుడితీ తాగి నిగనిగలాడుతోంది!

లంక రైతు: ఉప్పుడు బియ్యం వాడండి. వడ్లు ఉడికించినప్పుడు బి1 గింజలోకి ఇంకుతుంది. వేరుశనగలు, పెసలు, నువ్వులు కూడా మంచివే. పాలిష్ బియ్యం తిన్న కోళ్ల కాళ్లు పడిపోవడం గమనించిన డచ్ డాక్టర్ ఐక్‌మన్‌కి 1929లో నోబెల్ ఇచ్చారు.

పాలకొల్లు పిన్ని: షుగర్, బి12 కూడా చూపించు, వాటివల్లా తిమ్మిర్లొస్తాయి. మాత్రలు మాన్పించకు.

రాజోలు అబ్బాయి: సరేనండీ. వార్చకపోతే అన్నం ముద్దవుతుందిరా అంటోంది అమ్మ.