బర్రె ‘సేపుతలేదు’ – ఈ మాటకు మీ దిక్కు ఏమంటరు?

మొన్న ఊరికి పోయినం, మాది నర్సంపేట దిక్కు. పొద్దుగాల కొట్టంలకెళ్లి మా నాయినమ్మ ఒక్కటే ఒర్రుడు, ‘ఎవలన్న దుడ్డెను ఇడువుండ్రి, బర్రె సేపుతలేదు’ అని. మా బిడ్డ హన్మకొండల ఇంగ్లీష్ మీడియం, ‘సేపంటే టైం కదా డాడీ’ అన్నది. నవ్విన గని చెప్పబోతే నాకే ఒక్క మాటల చెప్పరాలే. పాలిచ్చుడు కాదు, పాలు కారుడు కాదు. దుడ్డె ఉరికొచ్చి పొదుగును నాలుగు గుద్దులు గుద్ది నోట్లె పెట్టుకోంగనే తల్లి ఒళ్లు వదులు చేసి పాలు కిందికి దించుతది సూడుండ్రి, గదీ సేపుడు. రాతల అయితే చేపు, బ్రౌన్ నిఘంటువులో గూడ ఉన్నది. మనుషులకు గూడ వాడుతరా?

జవాబు: మా గుంటూరు వైపు గేదె చేపింది, చేపుకొచ్చింది అంటామండీ. బాలింతలకీ వాడతారు, పక్కగదిలో పిల్లాడు ఏడిస్తే చాలు పాలు చేపుకొచ్చేస్తాయని మా అమ్మ అనేది.

జవాబు: అన్నా, పశువుల దవాఖానల పని నాది, చిన్న సవరణ. వదులు చేసుడు కాదు, లోపల బిగుసుడే. దుడ్డె మూతి తగలంగనే, ఒక్కోసారి బకెట్ సప్పుడుకే, మెదడు కింది పిట్యూటరీ గ్రంథికెళ్లి ఆక్సిటోసిన్ రక్తంలకొస్తది, దాంతోని పాలగ్రంథుల సుట్టున్న కణాలు బిగుసుకొని పాలను కిందికి నూకుతయ్. దాని జోరు కొన్ని నిమిషాలే, అందుకే సేపంగనే గబగబ పిండాలె. బెదిరిందా, అడ్రినలిన్ అడ్డుపడతది, ఇగ ఎంత గుంజినా రావు. మనోళ్లు పాలు మీదికి గుంజుకున్నది అనేది దీన్నే. ఆవులకన్న బర్రెలకు ఈ దుడ్డె పట్టింపు ఎక్కువ.

జవాబు: కొట్టంల ఇంకో మాట గూడ పుట్టింది, ఎవ్వరూ గుర్తువట్టరు. వాత్సల్యం. వత్స అంటే దూడ, వత్సల అంటే దూడ మీద పానం పెట్టుకున్నది, పాణిని దీనికి సూత్రమే రాసిండు. సంవత్సరంల ఉన్న వత్సర గూడ దీని సుట్టమేనట, ఏడాది దూడ అన్నట్టు. సంస్కృతం మాట పెండ్లి పత్రికల మీదికెక్కింది, మన సేపు మాత్రం కొట్టంలనే ఉన్నది పాపం. నాకైతే సేపే ఎక్కువ నచ్చుతది, వాత్సల్యం అంటే ఏదో ఉపన్యాసం ఇన్నట్టుంటది.

జవాబు: చేపలు పట్టుడు ముచ్చటనుకొని వచ్చిన 😀

పోస్ట్ పెట్టినాయన: అందరికి థాంక్స్. బిగుసుడు సంగతి తెల్వదు తమ్మీ, ఇయ్యాలే నాయినమ్మకు చెప్తా, తిడతది గావచ్చు. మీరు దుడ్డె పట్టింపు అంటే ఒకటి యాదికొచ్చింది. నేను నాలుగో తరగతిల ఉన్నప్పుడు మా బర్రె దుడ్డె సచ్చిపోయింది, బర్రె రెండు మూడు పూటలు సేపనే లేదు, తలుగు తెంపుకునేటట్టు అరుసుడు. మా తాత ఆ తోలుల గడ్డి కూరిపిచ్చి ముందల నిలవెట్టిండు. అది దాన్ని వాసన సూసింది, నాకింది, నాకుకుంట నాకుకుంట సేపింది, మా తాత ఎన్కనుంచి పిండుకున్నడు. ఆ పూట పాలు నేను తాగలే. ఇప్పుడు అడుగుతున్న, ఆ గడ్డి దుడ్డెకు మీ ఊర్లల్ల పేరేమన్న ఉన్నదా? మా ఇంట్ల ఉత్త బొమ్మ అనే అనేటోళ్లు.