మండేలా భూమి విషయంలో రాజీపడ్డారా?

సీతమ్మధార:
దక్షిణాఫ్రికా కుర్రకారులో మండేలాను ‘అమ్ముడుపోయాడు’ అనేవాళ్లు పెరిగారు. 1994లో నల్లవాళ్లకు ఓటు వచ్చింది గానీ భూమి తెల్లవాళ్ల దగ్గరే ఉండిపోయిందన్నది వాళ్ల బాధ. మన పత్రికలేమో ‘నల్ల సూరీడు’ అని రాసి ఊరుకుంటాయి. మీరేమంటారు?

ఎర్రమట్టి:
అంటే తప్పేముందండీ? 1913 భూమి చట్టం నల్లవాళ్లకు వదిలింది దేశంలో 7 శాతం నేల. 1936లో మరో చట్టంతో 13 శాతం దాకా తెచ్చారు. ఐదేళ్లలో 30 శాతం సాగుభూమి పంచుతామని 1994లో మండేలా పార్టీ ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ మాటిచ్చింది. 1999లో మండేలా దిగిపోయేనాటికి ఒక్క శాతం కూడా పంచలేదు. 2017 సర్కారు లెక్కలోనూ, వ్యక్తుల పేర ఉన్న సాగుభూమిలో 72 శాతం తెల్లవాళ్లదే. 27 ఏళ్ల జైలుకు దండం పెడతాను. బయటికొచ్చి తెల్ల ప్రభుత్వంతో కుదుర్చుకున్న బేరానికి మాత్రం పెట్టలేను.

కృష్ణలంక:
లెక్కలు సరే, బేరం నాటికి ఆయన చేతిలో ఏముంది? సైన్యం, పోలీసులు, ఖజానా అన్నీ అప్పటి తెల్ల అధ్యక్షుడు డి క్లర్క్ దగ్గరే. 1992 జూన్‌లో బోయిపటాంగ్ అనే నల్లవాళ్ల బస్తీలో ఒక్క రాత్రిలో 45 మందిని చంపారు. 1993 ఏప్రిల్ 10న నల్లవాళ్ల కమ్యూనిస్టు నేత క్రిస్ హానీని ఇంటి ముందే కాల్చేశారు. కాల్చినవాడు పోలండ్ నుంచి వలసొచ్చిన తెల్లవాడు. కారు నంబరు చూసి పట్టించింది పొరుగునున్న తెల్లావిడ, ఆఫ్రికానర్ (అక్కడ స్థిరపడ్డ డచ్చివాళ్ల సంతతి). దేశం భగ్గుమనే వేళ మండేలా టీవీలో ఈ రెండు సంగతులూ పక్కపక్కనే చెప్పి జనాన్ని ఆపారు. అప్పటికి ఆయనకు ప్రభుత్వంలో ఏ పదవీ లేదు, డి క్లర్క్ ఇంకా అధ్యక్షుడే! ఎన్నికల తేదీ ఖాయమైంది ఆ హత్య తర్వాతే.

ఇక తెల్ల ఉద్యోగుల కొలువులకు హామీ ఇద్దామన్నది ఎవరో తెలుసా? కమ్యూనిస్టు నాయకుడు జో స్లోవో, 1992లో. అమ్ముడుపోయాడనేవాళ్లు ఈ సంగతి ఎత్తరు.

అసలు విషయం 1996 రాజ్యాంగం 25వ సెక్షన్. భూమి తీసుకుంటే మార్కెట్ ధరే కట్టాలని అందులో లేదు. చూడాల్సిన అంశాల్లో మార్కెట్ ధర ఒకటి. ఆ భూమి ఎలా చేతికొచ్చింది, సర్కారు దానికెంత సాయం చేసింది అన్నవి కూడా చూడమంది. ఇష్టపడి అమ్మేవాడి దగ్గరే కొనాలన్న పద్ధతి ప్రభుత్వం పెట్టుకున్న విధానం, రాజ్యాంగం పెట్టిన షరతు కాదు. నింద వేయాలంటే 1994–99 పాలన మీద వేయండి, ఒప్పుకుంటాను.

ఎర్రమట్టి:
ఆ పాలన మాత్రం ఎవరిదండీ? నా మాటే చుట్టు తిప్పి చెప్పారు. భూమి ఒక్కటే కాదు, వర్ణవివక్ష నాటి నేరాలు విచారించిన సత్యం–సయోధ్య కమిషన్ ముందు గోడు చెప్పుకున్న బాధితులకు 2003లో తలా 30,000 రాండ్లు ఇచ్చి చేతులు దులుపుకున్నారు. క్షమాభిక్ష దొరకని హంతకుల మీదైనా కేసులు నడపాలి కదా! చాలావరకు నడపలేదు.

డర్బన్ తెలుగు:
మధ్యలో వస్తున్నాను. 1860 నుంచి మద్రాసులో ఓడెక్కి నాటాల్ చెరకు తోటలకు కూలికొచ్చినవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. డర్బన్‌లోని కేటో మేనర్‌లో కూరగాయలు పండించుకుని ఇళ్లు కట్టుకున్న భారతీయుల్ని ఏ జాతివాళ్లు ఎక్కడ ఉండాలో విడదీసిన 1950 గ్రూప్ ఏరియాస్ చట్టం పేరుతో ఖాళీ చేయించారు. ఎక్కువమందిని చాట్స్‌వర్త్‌కు తోలారు. 1994లో మండేలా ప్రభుత్వం తెచ్చిన భూమి పునరుద్ధరణ చట్టం కింద వాళ్లూ అర్జీ పెట్టుకోగలిగారు. పట్నాల్లో అర్జీలు చాలావరకు డబ్బుతో తీరాయి, నేల తిరిగి రాలేదు. ఇక్కడ దీన్ని న్యాయం అనేవాళ్లూ ఉన్నారు, కంటితుడుపు అనేవాళ్లూ ఉన్నారు.

కృష్ణలంక:
ఎర్రమట్టి గారూ, కేసుల విషయంలో మీతో వాదించను. ఆ 30,000 రాండ్లు ఇచ్చిందీ, కేసులు మూలన పడేసిందీ మండేలా తర్వాత వచ్చిన అధ్యక్షుడు ఎంబెకీ హయాంలో. భూమి దగ్గర మాత్రం తేడా ఉంది. పరిహారం లేకుండా భూమి తీసుకునేలా రాజ్యాంగం మార్చబోతే 2021లో పార్లమెంటులో మూడింట రెండొంతుల మద్దతు దొరకలేదు. 2025 జనవరిలో అధ్యక్షుడు రామఫోసా స్వాధీన చట్టం మీద సంతకం పెట్టారు. కొన్ని సందర్భాల్లో పైసా ఇవ్వకుండా తీసుకోవచ్చంటుంది అది. 25వ సెక్షన్‌లో ఒక్క అక్షరం మారలేదు. మరి ఇన్నేళ్లూ అడ్డుపడింది మండేలా బేరమేనంటారా?